ఉండమన్న దారం

చేతులు కడుక్కోవడం అయ్యాక ఆమె తడి చేతులు రెండూ పైకెత్తి పట్టుకుని అద్దాల తలుపు ముందు నిలబడింది. మనిషి ఎదురుగా వస్తే తనంతట తానే పక్కకు జరగాల్సిన తలుపది. జరగలేదు. ఒక అడుగు వెనక్కి వేసి మళ్ళీ ముందుకొచ్చింది. తలుపు నెత్తిమీద చిన్న ఎర్రదీపం ఆమెను పట్టించుకోకుండా వెలుగుతూనే ఉంది. కడిగిన చేత్తో దేన్నీ ముట్టుకోకూడదు గనక తోయడానికి లేదు. ఎవరినైనా కేకేసి పిలవడమంటారా, పుట్టి బుద్ధెరిగాక ఆమె కేక వేసిన పాపాన పోలేదు. మోచేతుల మీంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతుంటే ఎవరో ఒకరు వచ్చేదాకా అలాగే నిలబడింది.

వచ్చింది పక్క స్టూలు మీద కూర్చునే వాగుడుకాయ. ఆ పిల్ల ఇంకా అల్లంత దూరంలో ఉండగానే తలుపు సర్రున జరిగింది.

“అదేంటక్కా! నువ్వెదురుగా ఉంటే బెల్లం కొట్టిన రాయిలా కదల్లేదు, నన్ను చూడగానే అంత మర్యాదేంటి దానికి? దానికీ మాటకారులంటేనే ఇష్టమేమో!”

ఆమె నవ్వింది. మాస్కు వెనక నవ్వు ఎవరికీ కనబడదు. పొద్దున గేటు దగ్గర హాజరు వేసే మిషను కూడా ఇలాగే చేసింది. ఏళ్ళ తరబడి స్పిరిటుతో తోమి తోమి ఆమె వేలికొసల గీతలు అరిగిపోయాయి. ఇన్నాళ్ళూ ఆ మిషను కాసేపు మొరాయించి చివరికి ఒప్పుకునేది. ఇవాళ ఏ వేలు పెట్టినా కిక్కురుమనలేదు. “మీరొచ్చారని నేను సాక్ష్యం చెబుతాలే అమ్మా, లోపలికెళ్ళండి,” అని గేటుమనిషి పంపేశాడు. ఆ మాట అంటూ అతను చూసింది ఆమె వైపు కాదు, ఆమెకు కాస్త పక్కగా ఉన్న ఖాళీ వైపు. ఎండ కళ్ళలో పడుతోంది కాబోలు అనుకుంది.

లోపల అందరూ ఒకేలా ఉంటారు. తెల్ల గౌను, తెల్ల టోపీ, మాస్కు. కళ్ళు తప్ప మనిషి ఆనవాలు తెలియదు. కప్పులోంచి గాలి ఎప్పుడూ ఒకే రొదతో కిందికి దిగుతుంటుంది. ఒక్కొక్కరి ముందు ఒక దీపం, ఒక భూతద్దం, నున్నటి స్టీలు కడ్డీ. వెంట్రుక కన్నా కాస్త లావుండే దారాన్ని ఆ కడ్డీ చుట్టూ జల్లెడ కళ్ళలా అల్లి, వేడి గూట్లో పెట్టి తీస్తే అది బొటనవేలంత గొట్టమై బిగుసుకుంటుంది. పక్కనే ఉన్న ఆసుపత్రిలో డాక్టర్లు దాన్ని ముడుచుకుపోయిన ఊపిరిదారిలోకి దింపుతారు. లోపలి కండ మళ్ళీ గట్టిపడేదాకా అది ఆసరాగా నిలబడి, ఆ తర్వాత ఒంట్లోనే కరిగిపోతుంది. కరిగిపోవడమే దాని గొప్ప. మళ్ళీ కోసి తీయాల్సిన పని ఉండదు.

అంటే ఆమె చేతిపని ఏదీ లోకంలో మిగలదు. చొక్కా కుట్టినవాడికి ఆ చొక్కా ఎప్పుడో ఒకప్పుడు వీధిలో ఎదురొస్తుంది. కుర్చీ చేసినవాడికి కుర్చీ కనబడుతుంది. ఆమె ఇన్నేళ్ళుగా అల్లినవన్నీ ఎవరెవరి ఊపిరిలోనో కలిసిపోయాయి. ఇందుకు ఆమె బాధపడిందా అంటే, బాధపడాలని కూడా తోచని మనిషి. పిలిస్తే పలికేది, పిలవకపోతే ఆ గదిలో ఉన్నట్టే తెలిసేది కాదు. అందరూ కలిసి తీయించుకున్న ఫోటోలో కూడా ముందు నిలబడ్డవాళ్ళ టోపీ వెనక ఆమె నుదురు మాత్రమే పడింది.

మొదట్లో దారం నీళ్ళ రంగులో ఉండేది. ఒంట్లోకి వెళ్ళాక ఎక్స్‌రేకి దొరికేది కాదు. పెట్టినచోటే ఉందో, జారిందో, కరిగిందో తెలియక డాక్టర్లు రోగి గొంతులోకి కెమెరా దించి వెతుక్కునేవాళ్ళు. తర్వాత ఇంజనీరు ఒకాయన దారం పోసే గదిలో దాంట్లో లోహపు పొడి కలపడం మొదలుపెట్టాడు. వెంట్రుకను నిలువునా ఎన్నిసార్లు చీల్చినా ఆ పొడి రేణువంత సన్నం కాదని చెప్పాడు. నానో కణాలు అన్నాడు. అందరూ బుద్ధిగా తలలూపి, ఆయన అటు తిరగగానే దానికి కాటుక అని పేరు పెట్టేశారు. కాటుక కలిపిన దారం నల్లగా ఉంటుంది. ఎక్స్‌రే ఫిల్ములో మాత్రం తెల్లగా, ఎముక కన్నా తెల్లగా మెరుస్తుంది. దారం కరుగుతున్నకొద్దీ రేణువులు నెత్తుట్లో కలిసి కొట్టుకుపోతాయి. ఫిల్ము ఫిల్ముకీ మెరుపు పలచబడి చివరికి ఏమీ లేకుండా పోతుంది. అలా పోతేనే మనిషి బాగుపడ్డట్టు లెక్క.

ఆఖరి ముడి వేసేటప్పుడు ఒక మాట అనడం ఆ గదిలో అలవాటు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఎవరింట్లోనైనా గడప దాటే మనిషి వెళ్ళొస్తానంటాడు, ఉన్నవాళ్ళు వెళ్ళిరమ్మంటారు. పో అనే మాట కోపంలో తప్ప నోట రానివ్వరు. ఇక్కడ మాత్రం తిరగబడింది. గొట్టం వెళ్ళినచోటి నుంచి తిరిగి రాకూడదు, అక్కడే ఉండిపోనూ కూడదు. అందుకని ముడి బిగించి, పసిపిల్ల చెవిలో చెప్పినట్టు మెల్లగా ‘పో’ అంటారు. వాగుడుకాయ అయితే “పోవే తల్లీ పో” అని రాగం తీస్తుంది. సూపర్‌వైజరమ్మ ఇలాంటివి నమ్మే మనిషి కాదు. అయినా తనిఖీ చేసి పెట్టెలో పెట్టే ప్రతి గొట్టం దగ్గరా ఆవిడ మాస్కు కూడా కొద్దిగా కదులుతుంది.

ముడి వేయడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ముడులక్క అని పేరే పడిపోయింది. ఆమె ముడి తోక చిన్న చెవిలా వెనక్కి మడత పడి ఉంటుంది. ఆ చెవిని ఎటు లాగితే విడుతుందో ఆమెకొక్కదానికే తెలుసు. పనికిరాదని పడేసిన కాటుక దారంతోనే తన అన్నం సంచి మూతి కూడా కట్టుకుంటుంది. ఒంట్లో కరిగే ఆ దారం బయటి గాలిలో ఎన్నాళ్ళున్నా చెక్కుచెదరదు. ఇంట్లో బియ్యం మూట మొదలుకుని పాత బట్టల మూట దాకా అన్నిటికీ ఆ ముడులే. “నువ్వు కట్టింది విప్పాలంటే నువ్వే దిగిరావాలి,” అని వాళ్ళాయన విసుక్కుంటూ ఉండేవాడు.

ఆయన బస్సు కండక్టరుగా పనిచేసి మానుకున్న మనిషి. ఇంట్లోంచి ఆమె పనికి బయల్దేరినప్పుడల్లా గుమ్మంలో నిలబడి “రైట్ రైట్” అంటాడు. ఆ సరదా ఇన్నేళ్ళయినా ఇద్దరికీ పాతబడలేదు. కిందటేడు ఆయనకు పెద్ద జ్వరం వచ్చి, ఆసుపత్రిలో నోట్లో గొట్టం పెట్టి మిషనుతో ఊపిరి ఊదాల్సొచ్చింది. బతికి బయటపడ్డాడు గానీ, గొట్టం ఒరుసుకున్నచోట పుండుపడి, మానుతూ మానుతూ ఊపిరిదారి ముడుచుకుపోయింది. గుక్కెడు గాలి కోసం మంచం పట్టె పట్టుకుని ఎగపీల్చేవాడు. ఆయన కొలతల గొట్టం అల్లే పని ఆమె బల్లమీదికే వచ్చింది.

అల్లింది. ముడి బిగించింది. పో అనడానికి నోరు తెరిచింది. మంచం పట్టె పట్టుకున్న ఆయన వేళ్ళు కళ్ళముందు మెదిలాయి. ఆ మాట నాలుకమీదికి రాలేదు.

“ఉండు,” అంది.

ఆ గొట్టం పెట్టినప్పటినుంచి ఆయన ఊపిరి తీసినప్పుడల్లా సన్నటి ఈల వినిపిస్తుంది. “ఉద్యోగం వదిలినా విజిల్ నన్ను వదల్లేదు,” అని నవ్వేవాడు. ఆమెకు అది ఎంత అలవాటైపోయిందంటే, ఆయన ఏ గదిలో ఉన్నాడో ఆ ఈలను బట్టే చెప్పేది. ఈ మధ్య ఆయన లేనిచోట కూడా వినిపిస్తోంది. ఇప్పుడు కూడా, కప్పులోంచి దిగే గాలి రొద కింద ఎక్కడో, తీగలా, ఆగకుండా.

“ఏదో ఈల వినబడట్లేదూ?” అని వాగుడుకాయను అడిగింది.

“నాకు నా మాటలే వినబడవక్కా,” అంది వాగుడుకాయ.

మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఆమె గౌను విప్పి, సంచి తీసుకుని ఆసుపత్రి వైపు నడిచింది. ఇవాళ ఆయనకు ఫిల్ము తీసే రోజు. వరండా మలుపు తిరగకముందే ఈల ఎదురొచ్చింది, ఆ తర్వాత ఆయన కనబడ్డాడు. ఇద్దరూ కలిసి డాక్టరు గదిలోకి వెళ్ళారు.

డాక్టరు దీపపు పలక మీద రెండు ఫిల్ములు పక్కపక్కన తగిలించి ఉంచాడు. మెడా భుజాలూ పొగలా మసకగా ఉన్నాయి. ఆ పొగ మధ్య గొట్టం తెల్లగా, అల్లిక కన్ను కన్నూ లెక్కపెట్టుకోవచ్చన్నంత స్పష్టంగా వెలుగుతోంది. కింది కొసన ముడి చెవి. మనిషి ఎప్పుడో వెళ్ళిపోయి, ఆమె చేతిపని ఒక్కటే గాలిలో నిలబడి ఉన్నట్టుంది.

“ఇది పోయినసారిది, ఇది ఇవాళ్టిది,” అని డాక్టరు రెండూ తీసి ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుగుకు ఎత్తాడు. భుజాలు కలవలేదు, దవడ కాస్త పక్కకు జరిగింది. గొట్టం మాత్రం వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదాంట్లో ఒకటి కూర్చుంది.

“పాతది తగిలించానేమోనని మళ్ళీ తీశానండి,” అన్నాడు ఎక్స్‌రే తీసేవాడు గుమ్మంలోంచి. “అదే పడింది.”

“లోపల కండ చక్కగా గట్టిపడింది. దీంతో ఇక పనిలేదు,” అన్నాడు డాక్టరు. “కానీ ఇది కదలట్లేదు. ఇలా కరగకుండా ఆగిపోవడం నేను ఒక్కచోటే చూశాను.”

“ఎక్కడండీ?” అని అడిగిందామె.

“వేరే జబ్బుతో పోయినవాళ్ళలో. నెత్తురు ఆడుతుంటేనే రేణువులు కదుల్తాయి. మనిషి పోతే ఎక్కడివక్కడే.”

“అంటే నేను పోయానా?” అన్నాడు ఆయన. “నాకెవరూ చెప్పలేదే!”

ముగ్గురు మగవాళ్ళూ నవ్వారు. నవ్వు ఆగాక ఈల ఒక్కటే మిగిలింది. డాక్టరు ఫిల్ములు కిందపెట్టి, వచ్చే నెలకు కూడా ఇలాగే ఉంటే కోసి తీయాల్సిందేనన్నాడు. వదిలేస్తే కండ దానిమీదికి పెరిగి దారి మూసేస్తుంది. కోద్దామంటే ఈయన గుండె మత్తుకు తట్టుకుంటుందని మాట ఇవ్వలేనన్నాడు. ఏ గాలి కోసమైతే ఆమె ఉండమందో ఆ గాలికే అది అడ్డంపడబోతోంది. తన నోటితో తనే ఈ ముప్పు ఆయన మీదికి తెచ్చింది.

వరండాలో బెంచీమీద కూర్చుని అన్నం తిన్నారు. ఆమె రెండు ముద్దలు కెలికి గిన్నె మూత పెట్టేసింది.

“ఆ గొట్టం అల్లింది నేనేనండీ.”

“తెలిసిందేగా. మా ఆవిడ చేతి సరుకని ఊరంతా టముకు వేశాను.”

“ముడి వేసేటప్పుడు పో అనలేదు. ఉండమన్నాను.”

నవ్వుతాడనుకుంది. ఆయన చేతిలో ముద్దను నోట పెట్టుకోకుండా ఆమె వైపు తిరిగాడు.

“నువ్వు ఉండమంటే ఏది పోతుందే?” అన్నాడు. “పోనీ ఇప్పుడు చెప్పి చూడు. నీ మాటే వింటుందేమో.”

ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి, ఆయన గొంతుమీద అరచెయ్యి ఆనించింది. గొంతు వెచ్చగా ఉంది. చర్మం కింద ఈల సన్నగా వణుకుతోంది. పెదాలు విడదీసింది. మాట రాలేదు.

“అనవే.”

“మిమ్మల్ని అన్నట్టుంటుంది.”

“నన్ను కాదుగా!”

“మీమీద చెయ్యేసి ఆ మాట నేననలేనండీ,” అంది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఆయనంటే తనకెంత ప్రాణమో ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారైనా నోరారా చెప్పలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఇప్పుడూ చెప్పలేదు. గిన్నె సంచిలో పెట్టి, మూతికి నల్లదారం చుట్టి, ముడి వేసి లేచింది.

“వెళ్తాను,” అంది.

“వెళ్ళొస్తాననాలి.”

ఆమె అప్పటికే నాలుగడుగులు వేసేసింది. తిరిగి చూసి తల మాత్రం ఊపింది. ఆయన బెంచీమీంచే చెయ్యెత్తి, “రైట్ రైట్,” అన్నాడు. “సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటా. కలిసి పోదాం.”

చేతులు కడుక్కుని ఆమె మళ్ళీ అద్దాల తలుపు ముందు నిలబడింది. అద్దంలో వెనక గోడా, కుళాయిలూ, వేలాడే గౌన్లూ కనబడుతున్నాయి. తలుపు తెరుచుకోలేదు, ఈసారి ఎవరూ రాలేదు కూడా. ఆ తర్వాత చూసుకుంటే తన స్టూలు మీద కూర్చుని ఉంది, కడ్డీ మీద సగం అల్లిక ఉంది. లోపలికి ఎలా వచ్చిందో గుర్తులేదు. అడుగుదామంటే వాగుడుకాయ తన ఆడపడుచు గొడవ చెప్పుకుపోతోంది.

దారం వేళ్ళమధ్య నుంచి జారుతోంది. ఈల ఇప్పుడు బాగా దగ్గరగా వినిపిస్తోంది. చెవికి కాదు, వేళ్ళకు. దారం లాగినప్పుడు ఈల సన్నబడుతోంది, వదులు చేస్తే లావవుతోంది. దారాన్ని వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అయినా వేలికొసల్లో ఆ వణుకు అలాగే ఉంది. కాసేపటికి భయం పోయి, ఏదో మామూలు లెక్క తేలినట్టు మనసు కుదుటపడింది. ఉండమన్నది తను. పట్టుకున్నది తను. అక్కడ గొంతులో ఉన్నది ఒక కొస మాత్రమే, రెండో కొస ఇక్కడ తన వేళ్ళలో ఉంది. ఎవరి ముడి వాళ్ళే విప్పాలి. పట్టుకున్న చెయ్యి పట్టుకునే ఉంటే, అది మాత్రం ఎక్కడికని పోతుంది?

మిగతా అల్లిక తొందర లేకుండా పూర్తిచేసింది. ఎప్పటికన్నా బాగా వచ్చింది. భూతద్దం కింద తిప్పి తిప్పి చూసుకుంది. కొస తీసి చెవిలా మడిచి, ముడి బిగించింది. గొట్టాన్ని పెదాల దగ్గరికి తెచ్చుకుంది. ఆ మాట ఇక్కడైతే సులువుగానే వస్తుంది. రోజూ అనేదే.

“పోతాను,” అంది.

కప్పులోంచి గాలి దిగుతూనే ఉంది. దాని కింద ఈల ఆగిపోయింది.

వాగుడుకాయ ఆడపడుచు సంగతి ముగించి, తోడికోడలి సంగతి ఎత్తుకుని, మధ్యలో “ఔనా కాదా అక్కా?” అని అడిగింది. అక్క జవాబు చెప్పకపోవడం కొత్తేం కాదు గనక ఇంకాసేపు చెప్పుకుపోయింది. సాయంత్రం బెల్లు కొట్టాక సూపర్‌వైజరమ్మ బల్లల వెంట వస్తూ, దీపం ఆర్పని ఆ ఒక్క బల్ల దగ్గర ఆగింది. ముడులక్క భూతద్దం మీదికి కొద్దిగా వంగి కూర్చుని ఉంది. చేతిలో గొట్టం పద్ధతిగా ఉంది. ఆవిడ భుజం తట్టి పిలిచింది, మళ్ళీ పిలిచింది, ఆ తర్వాత తన మాస్కు తానే లాగేసుకుని గట్టిగా కేకేసింది.

మరుసటి నెల ఆయన ఒక్కడే ఫిల్ముకు వచ్చాడు. డాక్టరు దాన్ని దీపానికి తగిలించి చాలాసేపు చూశాడు. మెడ ఉంది, భుజాలున్నాయి, మధ్యలో ఊపిరిదారి నల్లటి చారలా తేటగా, నిటారుగా ఉంది. దాంట్లో గొట్టం లేదు. పలచని జాడ కూడా లేదు.

“అసలు పెట్టనే లేనట్టుంది,” అన్నాడు డాక్టరు. “ఎప్పుడు పోయిందో మీకేమైనా తెలిసిందా?”

“తెలిసిందండీ,” అన్నాడు ఆయన. గొంతులో ఈల లేదు. “ఆ సాయంత్రమే. బెంచీమీద ఆవిడ కోసం కూర్చున్నాను. ఉన్నట్టుండి ఈల ఆగిపోయింది. భలే హాయిగా ఊపిరాడింది. ఆవిడకు చెబుదామని లేచి గేటు దగ్గరికి వెళ్ళాను.”

డాక్టరు ఫిల్ము తీసి పక్కనపెట్టాడు. ఆపరేషను అక్కర్లేదని చెప్పి పంపించేశాడు.

ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. తన ఊపిరి తనకే వినబడక ఆయన అప్పుడప్పుడూ ఉలిక్కిపడి గొంతు తడుముకుంటాడు. బియ్యం మూట ముడిని పళ్ళతో లాగి, చేతకాక, చివరికి కత్తెరతో కోసుకున్నాడు. మిగతా మూటలు కూడా ఒక్కొక్కటే అలాగే తెరుచుకున్నాయి. సూపర్‌వైజరమ్మ తెచ్చి ఇచ్చిన అన్నం సంచిని మాత్రం కత్తెర దగ్గరికి రానివ్వలేదు. తలుపు వెనక మేకుకు తగిలించి, బయటికి వెళ్ళినప్పుడల్లా “వెళ్ళొస్తానే” అని దానికి చెప్పి వెళ్తాడు. తలుపు వేసినప్పుడు ఆ సంచి కాసేపు ఊగి ఆగుతుంది, దాని మూతి దగ్గర నల్లదారం ముడి, ఎటు లాగాలో చెప్పకుండా, చిన్న చెవిలా మడత పడి అలాగే ఉంది.